వాగు పక్కన పది కుటుంబాల క్యాంపింగ్: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు అమెరికా నుంచే, అందులోనూ అరిజోనా నుంచే. ఫీనిక్స్ ఎండ భరించలేక వారాంతం రాగానే పేసన్ ఊరి మీదుగా మొగోయోన్ రిమ్ అనే కొండ అంచు వైపు ఎక్కే తెలుగువాళ్లు బాగా పెరిగారు. రెండు గంటల్లోపే కాక్టస్ ఎడారి పోయి నిలువెత్తు పాండరోసా పైన్ చెట్లు, వాటి మధ్య చల్లటి వాగు వస్తుంటే ఎవరికి వెళ్లాలనిపించదు? హైదరాబాద్, విజయవాడల నుంచి కూడా రెండు ఉత్తరాలున్నాయి, వాటినీ కలిపేశాను.

ప్రశ్న: మేం చాండ్లర్‌లో ఉంటాం. ఆగస్టులో పది కుటుంబాలు, పిల్లలతో కలిపి 34 మందిమి, పేసన్ పైన వాగు ఒడ్డునే ఉన్న గ్రూప్ సైట్‌లో రెండు రాత్రులు ఉండాలని బుక్ చేశాం. నేనే ఆర్గనైజర్ని. అందరూ నన్ను అడిగేది ఒకటే, వంటలేంటి అని. నాకేమో పిల్లలు, వాగు అంటేనే టెన్షన్. ఎక్కడ మొదలుపెట్టాలి?
ఒక పాఠకురాలు, చాండ్లర్

మీ టెన్షన్ సరైన చోటే ఉందండీ. వంటల సంగతి తర్వాత చూద్దాం, ముందు వాగు.

అరిజోనాలో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 30 వరకు మాన్‌సూన్ సీజన్. ఆగస్టు అంటే సరిగ్గా నడిమధ్య. పొద్దున్నే ఆకాశం తుడిచినట్టు ఉంటుంది, మధ్యాహ్నానికి రిమ్ మీద మబ్బులు కమ్ముకుంటాయి, భోజనాలయ్యి పిల్లలు మళ్లీ నీళ్లలోకి దిగే వేళకి ఉరుములు మొదలవుతాయి. ఇందులో మనవాళ్లు పట్టించుకోనిది ఏంటంటే, వాగు పొంగడానికి మీ నెత్తిమీద చినుకు పడక్కర్లేదు. 2017 జూలై 15న పేసన్‌కి ఉత్తరాన వాటర్ వీల్ అనే చోట ఈతకి దిగిన ఒకే కుటుంబంలో 10 మంది ఫ్లాష్ ఫ్లడ్‌లో, అంటే ఉన్నట్టుండి ముంచుకొచ్చిన వరదలో, కొట్టుకుపోయారు. వాన పడింది కొన్ని మైళ్ల ఎగువన. దానికి నెల ముందే ఆ ఎగువన అడవి తగలబడింది, కాలిన నేల నీళ్లు పీల్చుకోదు, పడిందంతా బూడిద, దుంగలతో సహా కిందికి దూకింది. కాబట్టి మీ సైట్‌కి ఎగువన ఈమధ్య ఏదైనా పెద్ద మంట రేగిందా అన్నది అటవీ శాఖ రేంజర్ ఆఫీసుకి ఫోన్ చేసి ముందే కనుక్కోండి.

సైట్‌కి చేరగానే గుడారాలు దింపకముందే ఒడ్డు వెంట ఓసారి నడవండి. పొదల కొమ్మల్లో ఎండిన పైన్ సూదులు, పుల్లలు, చెత్త చిక్కుకుని కనిపిస్తాయి. అవి మోకాలి ఎత్తులో ఉంటే నీళ్లు ఇంతకుముందు ఒకసారి అక్కడిదాకా వచ్చాయన్నమాట. గుడారాలు దానికంటే బాగా పైన వేయాలి. వాగు శబ్దం వింటూ పడుకుందాం, గుడారం నీళ్ల పక్కనే వేద్దాం అనే కవి హృదయం ప్రతి గ్రూపులో ఒకరికి ఉంటుంది, వాళ్లకి పగలు కుర్చీ వేసి అక్కడ కూర్చోబెట్టండి, రాత్రికి మాత్రం పైకి రావాల్సిందే.

నీళ్ల రంగు టీలా మారినా, ఉన్నట్టుండి పుల్లలు, సూదులు గుంపుగా కొట్టుకొచ్చినా, వాగు చప్పుడు పెరిగినా వెంటనే పిల్లల్ని తీసుకుని గట్టు మీదకి ఎక్కేయండి. సామాను గురించి ఆలోచించొద్దు. కార్లో వాగు దాటే ప్రయత్నం అసలొద్దు. ఆరు అంగుళాల లోతు చాలు, ఉరవడిగా పారితే పెద్దవాళ్లని కూడా పడేస్తుంది, అడుగు లోతు చిన్న కార్లని, రెండడుగులు మనవాళ్లు గొప్పగా చెప్పుకునే ఎస్‌యూవీలని కూడా తోసుకుపోతుంది. పేసన్ దాటాక ఫోన్ సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది, ఫోన్‌కి హెచ్చరిక వస్తుందిలే అని కూర్చోకుండా పేసన్‌లోనే ఆగి వాతావరణం చూసుకోండి. బ్యాటరీతో నడిచే చిన్న వెదర్ రేడియో ఒకటి కొంటే ఇంకా మంచిది.

ఇక పిల్లలు. పది కుటుంబాలు అంటే ఇరవై మంది పెద్దవాళ్లు, పిల్లల్ని చూసుకోవడానికి ఎవరో ఒకరు ఉంటారులే అనిపిస్తుంది. పదిమందిలో పాము చావదు అని మన పెద్దవాళ్లు ఊరికే అనలేదు. వాళ్ల నాన్న చూస్తున్నాడని వీళ్లు, వీళ్ల అమ్మ ఉందని వాళ్లు, ఆ పక్కన పేకాట, ఈ పక్కన మిర్చి బజ్జీలు. దీనికి నాకు తెలిసి పనిచేసే ఉపాయం ఒకటుంది. దూరానికి కూడా కనిపించే నారింజ రంగు టోపీ ఒకటి కొనండి. ఆ టోపీ ఎవరి తలమీద ఉంటే ఆ గంట వాగు దగ్గర కాపలా వాళ్లది. ఫోన్ జేబులోనే ఉండాలి, చేతిలో ప్లేటు ఉండకూడదు, మెడలో విజిల్ ఉండాలి. బాత్రూమ్‌కి వెళ్లాలన్నా టోపీ ఇంకొకరి తలమీద పెట్టి, వాళ్లు సరే అన్నాకే కదలాలి. మగవాళ్లకి కూడా టోపీ సరిపోతుందని ముందే గ్రూప్‌లో రాసేయండి.

పెద్దవాళ్లకి ఈత వచ్చినంత మాత్రాన భరోసా లేదు. 2024 మేలో ఇదే ప్రాంతంలోని ఫాసిల్ క్రీక్ జలపాతం దగ్గర ఇద్దరు తెలుగు కుర్రాళ్లు, అప్పుడే చదువు ముగించుకున్నవాళ్లు, నీళ్లలో మునిగి చనిపోయారు. పైనుంచి చూస్తే అడుగు కనిపించేంత తేటగా ఉండే నీళ్లలో లోతు అంచనాకి అందదు, చల్లదనానికి ఊపిరి పట్టేస్తుంది, జలపాతం కింద నీళ్లు మనిషిని లోపలికి లాగుతాయి. ఈత రాని ప్రతివాళ్లకీ, వయసుతో పనిలేకుండా, లైఫ్ జాకెట్ ఉండాలి.

సరే, వంటలు. 5,600 అడుగుల ఎత్తులో నీళ్లు దాదాపు 94 డిగ్రీల సెల్సియస్‌కే మరుగుతాయి, మామూలు గిన్నెలో కందిపప్పు ఉడకమంటే ఉడకదు, ప్రెషర్ కుక్కర్ తప్పనిసరి. ఇంట్లో వాడే రెండు బర్నర్ల క్యాంపింగ్ స్టవ్ మీద 34 మందికి అన్నం వండాలంటే తెల్లారిపోతుంది, బిర్యానీలకి వాడే పెద్ద ప్రొపేన్ బర్నర్ మీ వాళ్లలో ఎవరి గరాజ్‌లోనో తప్పకుండా ఉంటుంది, అడగండి. మొదటి రాత్రికి వంట పెట్టుకోవద్దు, ఇంటి నుంచే పులిహోర, పెరుగన్నం తెచ్చేయండి, ఎందుకంటే శుక్రవారం సాయంత్రం అందరూ చేరేసరికి చీకటి పడుతుంది, గుడారం పుల్లలు వెతుక్కోవడమే సరిపోతుంది. ఒక్కో పూట ఒక్కో రెండు కుటుంబాలకి అప్పగించండి. ఎవరికి వారే కుక్కర్లు తెచ్చుకుంటే పది కుక్కర్లు, పది పోపులపెట్టెలు, ఒక్క గరిట కూడా దొరకదు.

తాగునీళ్లు మనిషికి రోజుకి కనీసం ఒక గాలన్ లెక్కన 34 మందికి రెండు రోజులకి దాదాపు 70 గాలన్లు. సైట్‌లో కుళాయి ఉందా, అది పనిచేస్తోందా అన్నది వెళ్లే వారమే కనుక్కోండి. వాగు నీళ్లు ఎంత తేటగా ఉన్నా అందులో జియార్డియా అనే పరాన్నజీవి ఉండొచ్చు, విరేచనాలు పట్టుకుంటే వారాలు వదలవు. తప్పనిసరైతే ఒక నిమిషం, 6,500 అడుగులు దాటితే మూడు నిమిషాలు, బాగా తెర్లనిచ్చి తాగండి. గిన్నెలు వాగులో కడగొద్దు, మొక్కలతో చేసిన సబ్బైనా సరే. నీళ్లు బకెట్‌లో తెచ్చుకుని కనీసం 200 అడుగుల దూరంలో కడిగి, మెతుకులు వడకట్టి చెత్తసంచిలో వేసి, మిగిలిన నీళ్లు నేలమీద విసిరి చల్లేయండి. మనవాళ్లు వెళ్లిపోయిన సైట్లలో వాగు రాళ్ల సందున పసుపు రంగు మెతుకులు చూశాను, ఎవరి వంటో ఎవరూ చెప్పక్కర్లేదు.

ప్రశ్న: పోయిన జూన్‌లో డబ్బు కట్టి బుక్ చేసుకున్న సైట్‌కి వెళ్తే క్యాంప్‌ఫైర్ వేయకూడదన్నారు. మంట వేసుకోవడానికి ఇనుప చట్రం వాళ్లే పెట్టి మళ్లీ వద్దనడం ఏంటి? చుట్టూ పైన్ కాయలు, సూదులు గుట్టలుగా ఉన్నాయి, కాస్త కాల్చుకుంటే తప్పా?
ఒక పాఠకుడు, టెంపే

తప్పే. ఆ గుట్టలే కారణం. మన సముద్రపు ఒడ్డున సరుగుడు తోటలో ఆకు ఎలా రాలి పరుచుకుంటుందో పాండరోసా కింద కూడా అలాగే ఉంటుంది, ఒక పిడికెడు తీసి నలిపితే పొడైపోతుంది, వానలు పడని మే, జూన్ నెలల్లో నిప్పురవ్వ ఒక్కటి చాలు. అందుకే ఆ నెలల్లో ఆంక్షలు పెడతారు. మొదటి దశ అంటే ఏర్పాటు చేసిన క్యాంప్‌గ్రౌండ్లలో, వాళ్లు పెట్టిన చట్రంలో మాత్రమే మంట. రెండో దశ వచ్చిందంటే అక్కడా లేదు, బొగ్గులూ లేవు, తిప్పి ఆపేసే గ్యాస్ స్టవ్ ఒక్కటే. మీరు వెళ్లినప్పుడు రెండో దశ నడుస్తూ ఉండాలి. మీరు కట్టింది చోటుకి, మంటకి కాదు.

2011లో అరిజోనా తూర్పున వాలో ఫైర్ 5.38 లక్షల ఎకరాలు కాల్చేసింది, ఆ రాష్ట్రంలో అంత పెద్దది అంతకుముందు లేదు. దానికి మూలం ఇద్దరు క్యాంపర్లు వేసుకున్న మంట. ఆరిపోయిందనుకుని హైకింగ్‌కి వెళ్లారు.

మంట అనుమతి ఉన్నప్పుడు కూడా గ్రూపులో ఇదే జరుగుతుంది. పదకొండింటికి ఒకరు, పన్నెండింటికి ఇంకొకరు లేచి గుడారంలోకి వెళ్లిపోతారు, చివర్లో మిగిలిన ఇద్దరు కుర్రాళ్లు సీసాలో మిగిలిన నీళ్లు పోసి సుయ్‌మనగానే అయిపోయిందనుకుంటారు. బకెట్ నీళ్లు పోసి, పారతో కలబెట్టి, మళ్లీ పోసి, చేతి వెనకభాగం దగ్గర పెట్టి చూడాలి, వెచ్చగా తగిలినా మళ్లీ మొదటికే. ఎవరు ఆర్పుతారో వెలిగించేటప్పుడే పేరు చెప్పుకోండి. కట్టెలు అక్కడికి దగ్గర్లోనే కొనండి, దూరం నుంచి మోసుకెళ్తే వాటితోపాటు బెరడు పురుగులు కూడా ప్రయాణిస్తాయి.

ప్రశ్న: నాకు 66 ఏళ్లు, బీపీ ఉంది, మోకాళ్ల నొప్పులు. అబ్బాయి దగ్గరికి అరిజోనా వస్తున్నాను, వాళ్లు ఫ్రెండ్స్‌తో కలిసి అడవిలో గుడారాల్లో పడుకోవడానికి నన్ను కూడా తీసుకెళ్తారట. కమోడ్ ఉంటుందా? చలి ఎలా ఉంటుంది? ఎలుగుబంట్లు ఉంటాయంటున్నారు. మానుకోమంటారా?
ఒక పాఠకురాలు, విజయవాడ

మానుకోవద్దమ్మా, హాయిగా వెళ్లిరండి. మీరు ఊటీ వెళ్లి ఉంటే ఈ ఎత్తు మీకు లెక్కే కాదు, ఊటీ 7,000 అడుగులు దాటుతుంది, పేసన్ చుట్టుపక్కల వాగు ఒడ్డు సైట్లు దాదాపు 6,000 లోపే. ఊపిరి బరువుగా అనిపిస్తే నెమ్మదిగా నడవండి, బీపీ మాత్రలు మీ హ్యాండ్‌బ్యాగ్‌లోనే ఉంచుకోండి, అబ్బాయి సూట్‌కేస్‌లో కాదు. వెళ్లేముందు మీ డాక్టర్‌కి ఒకమాట చెప్పండి.

కమోడ్ ఉంటుంది, కూర్చునేదే. కాకపోతే నీళ్లుండవు, ఫ్లష్ ఉండదు, కింద లోతైన గొయ్యి. మీ బాటిల్, సబ్బు, టార్చి మీరు పట్టుకెళ్లాలి. మీ గుడారం దానికి మరీ ఆనుకుని కాకుండా, రాత్రి రెండింటికి తడుముకోకుండా వెళ్లగలిగేంత దగ్గర్లో వేయమనండి, ఈ విషయంలో మొహమాటపడొద్దు. నేలమీద పడుకోవడం మీ మోకాళ్లకి కుదరదు, మడిచే మంచాలు దొరుకుతాయి, ఒకటి కొనమనండి. మంచం మీద కూడా కింద మందపాటి పరుపో, దుప్పటో పరవాలి, చలి పైనుంచి కంటే కిందనుంచే ఎక్కువ లాగుతుంది. ఆగస్టులో అయితే స్వెటర్, మేజోళ్లు, మంకీ క్యాప్ చాలు, మేలోనూ అక్టోబర్‌లోనూ అయితే రాత్రి గజగజలాడిస్తుంది.

ఎలుగుబంట్లు ఉంటాయి, నల్లవి. వాటికి మీతో పనిలేదు, మీ ఆవకాయతో పని. జంతికలు, అరిసెలు, పళ్లపొడి, కొబ్బరినూనె, మాత్రల మీద తీపి పూత ఉన్నా సరే, వాసన వచ్చేదేదీ గుడారంలో ఉంచుకోకూడదు. సైట్‌లో ఇనుప పెట్టె ఉంటే అందులో, లేకపోతే కారు డిక్కీలో పెట్టి తాళం వేయాలి. రాత్రి ఆకలేస్తుందని దిండు కింద రెండు బిస్కెట్లు దాచుకోవడం మాత్రం చేయకండమ్మా.

పొద్దెక్కి ఎండ తగిలాక, బెరడు నారింజ రంగులోకి తిరిగిన పాత పాండరోసా చెట్టొకటి చూసుకుని ఆ బెరడు పగుళ్లలో ముక్కు పెట్టి వాసన చూడండి. అచ్చం వెనీలా వాసన వస్తుంది. మీ మనవలకి కూడా చూపించండి, సూదులు మూడేసి కట్టగా ఉంటాయి, లెక్కపెట్టమనండి.

ప్రశ్న: రాజమండ్రి నుంచి మా నాన్నగారు వచ్చారు. గోదావరిలో గాలం వేసిన చేతులు, వాగు చూస్తే ఆగరు. వేయొచ్చా?
ఒక పాఠకుడు, గిల్బర్ట్

లైసెన్స్ ఉంటే వేయొచ్చు. అరిజోనాలో పదేళ్లు నిండిన ప్రతివారికీ కావాలి, చుట్టపుచూపుగా వచ్చినవాళ్లకి కూడా. ఒక్కరోజుది కూడా ఇస్తారు, ఆన్‌లైన్‌లో తీసుకోండి, సిగ్నల్ ఉన్నచోటే. రిమ్ కింద టోంటో క్రీక్ పక్కనే ప్రభుత్వ చేపపిల్లల కేంద్రం ఉంది, ఆ చుట్టుపక్కల వాగుల్లోకి ట్రౌట్ చేపల్ని వదులుతారు కాబట్టి నాన్నగారు వట్టి చేతులతో రాకపోవచ్చు. ఆ వాగుకి ఎన్ని పట్టొచ్చో, ఏ ఎర వాడొచ్చో నిబంధనలు చూసుకోండి. పులుసు పెట్టుకోండి కానీ పొలుసు, పేగులు వాగులో పారేయొద్దు, గుడారాల దగ్గరా వద్దు, పైన చెప్పిన నల్ల చుట్టాలు వస్తాయి.

ప్రశ్న: మా గ్రూప్‌లో ఒకాయన ప్రతిసారీ పెద్ద స్పీకర్ తెస్తాడు. రాత్రి ఒంటిగంట దాకా మాస్ పాటలు. చెప్తే బాగోదు, చెప్పకపోతే నిద్ర లేదు.
పేరు వద్దన్న పాఠకుడు

చెప్పేయండి. రాత్రి పది నుంచి పొద్దున ఆరు వరకు నిశ్శబ్దం అని క్యాంప్‌గ్రౌండ్ బోర్డు మీదే రాసి ఉంటుంది, మీరు చెడ్డవాళ్లవనక్కర్లేదు, ఆ బోర్డు ఫోటో తీసి గ్రూప్‌లో పెట్టండి. పది దాకా అంత్యాక్షరి ఆడుకోండి, ఆయన్ని ఒక టీమ్‌కి లీడర్‌ని చేయండి. లోయలో శబ్దం ఎంత దూరం పోతుందో స్పీకర్ పక్కన ఉన్నవాడికి తెలీదు. దానికన్నా పెద్ద ఇబ్బంది ఉంది, ఆ మోతలో వాగు చప్పుడు మారినా మీకు వినపడదు.

ప్రశ్న: మేం హైదరాబాద్‌లో ఇంజినీరింగ్ చదువుతున్నాం. పదిహేను మందిమి జూన్‌లో హిమాచల్ వెళ్లి పైన్ అడవిలో నది పక్కన టెంట్లు వేసుకోవాలని ప్లాన్. గైడ్ అక్కర్లేదు అంటున్నారు ఫ్రెండ్స్. నిజమేనా?
ఒక విద్యార్థి, హైదరాబాద్

తమ్ముడూ, 2014 జూన్ 8 గురించి మీ ఇంట్లో ఎవరినైనా అడుగు. మండి జిల్లాలో బియాస్ నదిలో రాళ్ల మీద నిలబడి ఫోటోలు తీసుకుంటున్న హైదరాబాద్ ఇంజినీరింగ్ విద్యార్థులు 24 మంది చనిపోయారు, వెంట వచ్చిన టూర్ నిర్వాహకుడు కూడా. వాన వల్ల కాదు. ఎగువన లార్జి డ్యామ్ నుంచి నీళ్లు వదిలారు, అంతే, నిమిషాల్లో నది పెరిగిపోయింది. ఒడ్డున ఉన్నవాళ్లు అరుస్తూ చూస్తుండగానే అయిపోయింది.

ఆ నదుల మీద జలవిద్యుత్ ప్రాజెక్టులు చాలా ఉన్నాయి, ఎండిపోయినట్టు కనిపించే రాళ్ల మేట నది సొంతమే, ఎప్పుడైనా వెనక్కి తీసుకుంటుంది. డ్యామ్ లేని చోట కూడా మంచు కరిగే నీళ్లు మధ్యాహ్నం, సాయంత్రం పెరుగుతాయి, పొద్దున రాళ్ల మీంచి దాటిన వాగు సాయంత్రం దాటనివ్వదు. 2023 జూలైలో కులు, మండి జిల్లాల్లో బియాస్ ఎంత విధ్వంసం చేసిందో వీడియోలు ఇప్పటికీ ఉన్నాయి. జూన్ మొదట్లో వెళ్లండి, వానలు దిగాక మాత్రం వద్దు. గైడ్ అక్కర్లేదన్న ఫ్రెండ్స్‌ని పక్కనపెట్టి, ఆ ఊరి మనిషిని ఒకరిని పెట్టుకోండి. టెంటు ఎక్కడ వేయాలో, సైరన్ మోగితే ఎటు పరిగెత్తాలో అతనికి తెలుస్తుంది. కింది ఎత్తుల్లో ఉండే చిర్ పైన్ సూదులు కూడా జూన్‌లో అంటుకోవడానికి సిద్ధంగా ఉంటాయి, టెంపే పాఠకుడికి చెప్పిందే మీకూ. సిగరెట్ పీకలు కూడా అందులోకే వస్తాయి.

ప్రశ్న: గ్రూప్ సైట్ ఎంత ముందు బుక్ చేయాలి? ప్రతిసారీ నలభైమంది వస్తామంటారు, చివరి వారంలో సగంమంది జారుకుంటారు, డబ్బు నా కార్డు మీద పడుతుంది.
ఒక పాఠకురాలు, స్కాట్స్‌డేల్

మామూలు సైట్లు ఎక్కువగా ఆరు నెలల ముందు తెరుచుకుంటాయి, గ్రూప్ సైట్లు చాలాచోట్ల ఏడాది ముందే. వేసవి శనివారాలు తెరిచిన రోజే అయిపోతాయి. ఎంతమంది, ఎన్ని కార్లు అన్నదానికి పరిమితి ఉంటుంది, దాన్ని మించి కార్లు తెస్తే రోడ్డు పక్కన పెట్టనివ్వరు, కాబట్టి ఒక్కో కుటుంబానికి ఒక్క కారే అని ముందే చెప్పండి. రద్దు చేసుకుంటే ఎంత వెనక్కొస్తుందో బుక్ చేసేముందే చదివి గ్రూప్‌లో పెట్టండి.

ఇక డబ్బు. "వస్తాం" అన్న బొటనవేలు గుర్తులు లెక్కపెట్టకండి. బుక్ చేయడానికి ముందే కుటుంబానికి ఇంత అని వసూలు చేసేయండి, రాకపోతే తిరిగి ఇవ్వనని అప్పుడే రాయండి. కట్టినవాళ్ల పేర్లే లిస్టులో ఉంటాయి. మీకు తెలియందేం కాదు, ఐదు డాలర్లు కట్టినవాడు జ్వరం వచ్చినా వస్తాడు.